నోటితో అడిగితే మనం దొరుకుతామా? వాయిస్ సెర్చ్ మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో ఫోన్లో మైకు నొక్కి తెలుగులో వెతుక్కోవడం గురించి నాలుగు ముక్కలు రాశాను, దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. రాసినవాళ్లలో ఎక్కువమంది చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లే, అందరి బాధా ఇంచుమించు ఒకటే, జనం నోటితో అడుగుతున్నారు, మేం మాత్రం వాళ్లకి దొరకట్లేదు అని. అన్నిటికీ జవాబు రాసేంత చోటు లేదు కాబట్టి ఆరు ఉత్తరాలు తీసుకున్నా. ఊళ్లు ఉంచి పేర్లు తీసేశా.

కడియం నుంచి, నర్సరీ నడిపే పాఠకుడు: మేడమ్ గారూ, మాకు కడియపులంకలో నర్సరీ ఉందండి, నాన్నగారి కాలం నుంచీ ఇదే పని. రెండేళ్ల కింద వెబ్‌సైట్ కూడా పెట్టించాం. మొన్న ఒక కుర్రాడొచ్చి, ఇప్పుడు సగం మంది వాయిస్‌లోనే సెర్చ్ చేస్తున్నారు, మీ సైటు వాయిస్‌కి పనికిరాదు, వాయిస్ ఎస్ఈఓ అని, అంటే నోటితో వెతికినప్పుడు సైటు పైన వచ్చేలా చేయడమట, వేరే ప్యాకేజీ ఉంది, ఏడాదికి 18 వేలు, గూగుల్లో మొదటి ప్లేసు గ్యారంటీ అన్నాడండి. కట్టమంటారా?

కట్టొద్దండీ. ముందు ఆ మాట చెప్పేసి ఎందుకో తర్వాత చెప్తా.

ఆ "సగం మంది" అనే లెక్క పదేళ్లుగా చేతులు మారుతూ తిరుగుతోంది. 2014లో ఆండ్రూ ఎన్‌జీ అనే శాస్త్రవేత్త, అప్పుడాయన చైనాలోని బైదూ అనే సెర్చ్ కంపెనీలో చీఫ్ సైంటిస్టు, ఒక ఇంటర్వ్యూలో ఇంకో ఐదేళ్లకి సెర్చ్‌లలో కనీసం సగం మాటతోనో బొమ్మతోనో జరుగుతాయని అన్నారు. చూడండి, మాట ఒక్కటే కాదు, బొమ్మ చూపించి వెతికేది కూడా కలిపి, అదీ ఆయన అంచనా. అది ఒకరి దగ్గర్నుంచి ఒకరికి వెళ్లి వెళ్లి "2020కల్లా సగం వాయిస్ సెర్చే" అయిపోయింది, దానికింద సంబంధం లేని సర్వే కంపెనీ పేరు కూడా తగిలించారు. గూగుల్ నోటి నుంచి వచ్చిన లెక్క కావాలంటే 2016లో సుందర్ పిచాయ్ చెప్పింది ఉంది, అమెరికాలో ఆండ్రాయిడ్ ఫోన్లలోని గూగుల్ యాప్‌లో అడిగే వాటిలో 20 శాతం మాటతో అడిగినవే అని. అది అమెరికా, అది ఒక్క యాప్, అది 2016. ఇలాంటివి పట్టుకొచ్చి కడియపులంకలో మొక్కలు అమ్ముకునే మనిషి దగ్గర 18 వేలు అడుగుతున్నారంటే నాకు నిజంగా కోపం వస్తోంది.

ఇక గ్యారంటీ సంగతి. మొదటి స్థానం ఎవ్వరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే తన హెల్ప్ పేజీల్లో రాసి పెట్టింది. ఇంకోటి, మీ సైటు ఏ మాటలకి కనపడిందో చూపించే సెర్చ్ కన్సోల్ అని గూగుల్ వాళ్లదే ఉచితంగా ఒకటి ఉంది, అందులో కూడా ఆ మాట టైపు చేశారా నోటితో చెప్పారా అని విడదీసి చూపించరు. కాబట్టి ఏడాది తిరిగాక మీకిచ్చే రిపోర్టులో వాయిస్ నుంచి ఇంతమంది వచ్చారు అని ఉంటే ఆ అంకె ఎక్కణ్ణుంచి తెచ్చావు బాబూ అని అడగండి.

మరి వాయిస్ వల్ల ఏమీ మారలేదా అంటే మారింది, కాకపోతే వాళ్లు చెప్పే చోట కాదు. మనం మైకులో మాట్లాడితే ఇన్నాళ్లూ జరిగిందేంటంటే ఆ మాట ముందు అక్షరాలవుతుంది, ఆ అక్షరాలతో మామూలు సెర్చే జరుగుతుంది. 2025లో గూగుల్ ఇంకో అడుగు వేసి, మాటని అక్షరాలుగా మార్చకుండానే నేరుగా దానికి సరిపోయే పేజీలు వెతికే పద్ధతి తెచ్చామంది, ఎందుకంటే "స్క్రీమ్" అనే ప్రసిద్ధ పెయింటింగ్ గురించి అడిగితే అది "స్క్రీన్" అని రాసుకుంటే ఒక్క అక్షరం తేడాతో మొత్తం ఫలితాలే మారిపోతాయి కదా. ఏ పద్ధతైనా వెతికేది మాత్రం అవే పేజీల్లో. వాయిస్ వాళ్ల కోసం వేరే గోడౌనేం లేదు.

మారింది అడిగే తీరు. టైపు చేసేటప్పుడు "కడియం నర్సరీ మామిడి" అని మూడు ముక్కలు కొట్టి ఊరుకుంటాం, అదే నోటితో అయితే "కడియంలో బంగినపల్లి అంటు మొక్కలు ఎంతకిస్తున్నారు" అని పూర్తిగా అడుగుతాం. ఇలా వాక్యంలా అడిగినదాన్ని మొత్తంగా అర్థం చేసుకోవడానికే గూగుల్ 2013లో హమ్మింగ్‌బర్డ్ అని, 2019లో బెర్ట్ అని పెద్ద మార్పులు చేసింది, ఆ బెర్ట్ అదే ఏడాది డిసెంబర్లో తెలుగుతో సహా 70 పైచిలుకు భాషలకి వచ్చింది. అంటే వాక్యంలా అడిగితే దానికి అర్థమవుతోంది, తిరిగి ఇవ్వడానికి మన పేజీలో జవాబు ఉండాలి, అంతే.

అందుకని ఆ డబ్బులు ఉంచుకుని ఒక పని చేయండి. ఫోన్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని వారం రోజులు వచ్చే ప్రతి కాల్‌లో వాళ్లు అడిగే మొదటి ప్రశ్నని వాళ్ల మాటల్లోనే రాయండి. లారీకి ఎన్ని మొక్కలు పడతాయి, అంటు కట్టి ఎన్నాళ్లయింది, అనంతపురం పంపిస్తారా, దారిలో చచ్చిపోతే ఎవరిది బాధ్యత, ఇవే ఉంటాయి నాకు తెలిసి. ఆ నోట్‌బుక్ పక్కన పెట్టుకుని మీ సైటు తెరవండి, ఎన్నిటికి జవాబుందో టిక్కు పెట్టుకుంటూ పోండి. టిక్కు పడనివన్నీ రాయించండి. మీ అబ్బాయో అమ్మాయో సాయంత్రాలు కూర్చుంటే పది రోజుల్లో అయిపోయే పని అండి ఇది.

హన్మకొండ నుంచి, మగ్గం వర్క్ చేసే పాఠకురాలు: అక్కా, మాది హన్మకొండల చిన్న షాపు, మగ్గం వర్క్ చేస్తం, బ్లౌజులు కుడ్తం. పక్క గల్లీల ఉన్నోళ్లు గూడ ఫోన్ల "దగ్గర్ల మగ్గం వర్క్ షాప్" అని అడిగితె వేరేటోళ్లయి వస్తున్నయ్ గని మాది వస్తలేదు. మాకు సైటు లేదు. సైటు చేయించుకోవాల్నా?

సైటు తర్వాత చూసుకుందాం చెల్లీ, ముందు ఇది విను. దగ్గర్లో అని అడిగినప్పుడు గూగుల్ మొదట తీసేది మ్యాపులో ఉన్న షాపుల్ని. దానికి కావాల్సింది బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్లో నీ షాపు వివరాలుండే పేజీ, 2021 నవంబర్ దాకా దాన్నే గూగుల్ మై బిజినెస్ అనేవాళ్లు. పైసా ఖర్చుండదు, ఎవరైనా వెరిఫికేషన్‌కి డబ్బులడిగితే ఇవ్వకు. అందులో ఎవరిని పైన చూపించాలో అనేదానికి గూగుల్ మూడు సంగతులు చెప్తుంది, అడిగినదానికి నీ షాపు సరిపోతుందా, అడిగిన మనిషికి ఎంత దూరంలో ఉంది, నీకెంత పేరుంది. దూరం మనం మార్చలేం, మిగతా రెండూ మన చేతిలో పనే.

సరిపోతుందా అనేది దానికెలా తెలుస్తుంది? నువ్వు చెప్తేనే. చాలామంది కేటగిరీ దగ్గర బట్టల షాపు అని పెట్టి వదిలేస్తారు, నువ్వు ఎంబ్రాయిడరీ, టైలర్ లాంటివి ఉన్నాయేమో చూసి నీ అసలు పనికి దగ్గరున్నది మొదట పెట్టు. సర్వీసుల దగ్గర నీ కస్టమర్లు అనే మాటలే రాయి, మగ్గం వర్క్, పెళ్లి బ్లౌజులు, చీరకి ఫాల్ కుట్టడం, పికో, ఇవన్నీ. టైములు ఖచ్చితంగా పెట్టు, బతుకమ్మ, దసరా రోజుల్లో రాత్రి పది దాకా తీసి ఉంచితే ఆ వారానికి మార్చు, ఎందుకంటే "ఇప్పుడు తెరిచున్న షాపు" అని అడిగేవాళ్లకి నీ ప్రొఫైల్లో 8 గంటలకే మూసేసినట్టు ఉంటే నువ్వు లోపల కూర్చుని కుడుతూనే ఉన్నా వాళ్లకి నువ్వు లేనట్టే. మ్యాపులో గుండుసూది గుర్తు మీ గల్లీలోనే ఉందో పక్క గల్లీలో ఉందో కూడా ఒకసారి నడిచి వెళ్లి చూడు.

ఒకటి మాత్రం చెయ్యకు. షాపు పేరు దగ్గర "బెస్ట్ మగ్గం వర్క్ హన్మకొండ వరంగల్ కాజీపేట" అని తగిలించమని ఎవరైనా సలహా ఇస్తారు. బోర్డు మీద ఉన్న పేరు తప్ప ఇంకేం పెట్టకూడదనేది గూగుల్ రూలు, ఎవరైనా కంప్లైంట్ చేస్తే ప్రొఫైలే ఆగిపోవచ్చు, అప్పుడు ఉన్నదీ పోతుంది.

పేరు గురించే ఇంకో మాట, దీన్ని మామూలుగా ఎవరూ పట్టించుకోరు. 2021 మొదట్లో గూగుల్ మ్యాప్స్ మన దేశంలో పది భాషల్లో, అందులో తెలుగు కూడా ఉంది, ఇంగ్లీషులో ఉన్న పేర్లని దానంతటదే ఆ లిపిలోకి మార్చి చూపించడం మొదలుపెట్టింది. మంచిదే, కానీ మన పేర్లు ఇంగ్లీషు స్పెల్లింగ్ నుంచి తెలుగులోకొస్తే ఒక్కోసారి హరిణి కాస్తా హరిని అవుతుంది, ణకి నకి తేడా పోతుంది. మా చుట్టాలమ్మాయి బోటిక్ పేరు కృతి. తెలుగు మైకులో కృతి అంటే ఫోను నాలుగుసార్లకి మూడుసార్లు కీర్తి అని రాస్తుంది, అదే వీధిలో కీర్తి అనే ఫ్యాన్సీ స్టోరు కూడా ఉంది, పిల్లది ఆరు నెలలు ఫోన్లు రావట్లేదని బాధపడింది, సంగతి ఇదని తెలిసేసరికి అంతకాలం పట్టింది. నువ్వూ ఒకసారి నీ ఫోను, మీ అమ్మ ఫోను, పక్కింటివాళ్ల ఫోను తీసుకుని తెలుగు మైకులో నీ షాపు పేరు చెప్పించి చూడు. ఒకరికైనా తప్పు పడుతుంటే ఏమని పడుతోందో రాసుకో. తెలుగులో పేరు తప్పుగా చూపిస్తుంటే మ్యాపులోనే సవరణ పంపొచ్చు.

పేరుంది అంటే రివ్యూలు కూడా అందులో భాగమే. బ్లౌజు ఇచ్చేటప్పుడు "అక్కా, ఏం చేయించుకున్నరో అది నాలుగు మాటలు తెలుగుల రాయుర్రి" అని అడుగు చాలు. సూపర్ అని ఒక్క ముక్క రాసే కన్నా "బిడ్డ పెళ్లికి మగ్గం వర్క్ బ్లౌజులు కుట్టించినం, చెప్పిన రోజుకి ఇచ్చిన్రు" అని ఉంటే రేపు అవే మాటలతో అడిగేవాళ్లకి నీ పని గురించి తెలుస్తుంది. రివ్యూ రాస్తే యాభై రూపాయలు తగ్గిస్తా అని మాత్రం అనకు, అది కూడా రూల్సుకి విరుద్ధమే.

గుంటూరు జిల్లా నుంచి, ఎరువుల కొట్టు నడిపే పాఠకుడు: అండీ, నేను అగ్రికల్చర్ బీఎస్సీ చేసి మా ఊళ్లోనే ఎరువులు, పురుగుమందుల కొట్టు పెట్టుకున్నాను. మిర్చి మీద తెలుగులో అరవై దాకా వ్యాసాలు రాసి సైటులో పెట్టాను, ఒక్క ముక్క తప్పుండదు. రోజుకి పది మంది కూడా చూడరు. మా రైతులు ఫోన్లో మైకు నొక్కి అడుగుతూనే ఉన్నారు, ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ల వీడియోలు చూసి వచ్చి నన్ను మందులు అడుగుతున్నారు. ఎక్కడ తప్పు చేస్తున్నానండి?

మీ ఉత్తరం నన్ను రెండు రోజులు వదల్లేదండి. మీ సైటు కూర్చుని చదివాను, సమాచారం విషయంలో మీరన్నది నిజమే. ఆ తర్వాత మా ఊళ్లో తెలిసినవాళ్ల ఎరువుల కొట్లో ఒక పూట కూర్చున్నా. పదకొండు గంటలప్పుడు అరవై దాటిన పెద్దాయన ఒకరొచ్చారు, అరుగు మీద కూర్చుని జేబులోంచి మిరపాకు ఒకటి తీసి మోకాలి మీద పెట్టుకున్నారు, ఫోను నోటికి అడ్డంగా అప్పడంలా పట్టుకుని "మిరప తోటలో ఆకు పైకి ముడుసుకుపోతంది ఏం మందు కొట్టాల" అన్నారు. ఒకసారి పడలేదు, మళ్లీ అన్నారు, ఈసారి గొంతు పెంచి. వచ్చిన మొదటి వీడియో నొక్కారు.

ఇప్పుడు మీ సైటుకి రండి. ఆయనకి కావాల్సిన సమాచారం మీ దగ్గర ఉంది, నేను చదివాను. దాని హెడ్డింగు "మిరపలో త్రిప్స్ సమగ్ర యాజమాన్యం". ఆకు పైకి ముడుచుకోవడమనే మాట ఐదో పేరాలో "ఆకు అంచులు ఊర్ధ్వముఖంగా వంపు తిరుగును" అని ఉంది. త్రిప్స్ అని తెలిస్తే ఆయన అడగనే అడగరు కదండీ, వచ్చి మందు కొనుక్కుపోతారు. ఆయనకి తెలిసింది ఆకు. పురుగు పేరు చెప్పాల్సింది మీరు.

నన్నడిగితే వాయిస్ సెర్చ్ తెచ్చిన అసలు మార్పు ఇదే. టైపు చేసే రోజుల్లో చదువుకున్నవాళ్లే ఎక్కువ వెతికేవాళ్లు, వాళ్లు పుస్తకం మాటలతో వెతికేవాళ్లు, మనం పుస్తకం మాటలతో రాసినా ఎలాగో కలిసేది. ఇప్పుడు టైపు చేయడం రానివాళ్లు కూడా అడుగుతున్నారు, వాళ్లు ఇంట్లో మాట్లాడినట్టే అడుగుతారు, మన పేజీలు మాత్రం ఇంకా పాఠ్యపుస్తకంలా ఉన్నాయి. గూగుల్ ఎంత తెలివిగలదైనా ఆ మధ్యలో ఉన్న దూరం అంతా అదే దాటాలంటే కష్టం, సగం దూరం మనం నడవాలి.

అందుకని హెడ్డింగే ఇలా మార్చండి, "మిరప ఆకు పైకి ముడుచుకుంటోందా? కిందికి ముడుచుకుంటోందా?" దాని కింద మొదటి రెండు వాక్యాల్లోనే విషయం చెప్పేయండి. ఆకు పైకి ముడుచుకుని దోనెలా అయితే అది తామర పురుగు, రైతులు పై ముడత అంటారు, కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి, అది కింద ముడత, రెండిటికీ మందు వేరు, ముందు అది చూసుకోండి అని. త్రిప్స్ అనే మాట తీసేయక్కర్లేదు, తామర పురుగు పక్కన "త్రిప్స్ అని కూడా అంటారు" అని ఒకసారి ఉంటే చదువుకున్న కుర్రాళ్లకీ దొరుకుతుంది. 2021–22లో నల్ల తామర పురుగు వచ్చి మిర్చి తోటలు పీకేసుకున్నారు కదా, అప్పుడు రైతులు పురుగు పేరుతో మొదలుపెట్టలేదు, "పూలల్లో నల్లగా చిన్నచిన్నయి కదులుతున్నయ్, పూతంతా రాలిపోతంది" అన్నారు. ఆ వాక్యం ఉన్న పేజీ ఉంటే అది వాళ్లని చేరుకునేది.

మాటలు ఊరుని బట్టి మారతాయి, అది కూడా చూసుకోండి. మీరు వేరుశనగ అని రాస్తారు, తెలంగాణలో పల్లి అంటారు, రాయలసీమకి పోతే శనక్కాయలు, బుడ్డలు అంటారు. మొక్కజొన్న తెలంగాణలో మక్క అవుతుంది. పిచికారీ చేయవలెను అని ఏ రైతూ అడగడు, మందు కొట్టాలి అంటాడు. ప్రతి పేజీలో అన్ని మాటలూ కుక్కమని కాదు, అలా చేస్తే చదవడానికి వికారంగా ఉంటుంది, గూగుల్‌కీ నచ్చదు. మొదటి పేరాలో సహజంగా ఒకసారి "పల్లి, కొన్ని చోట్ల శనక్కాయ, బుడ్డలు అంటారు" అని వస్తే చాలు.

ఇంకోటి, కొట్లో కూర్చున్నప్పుడే గమనించా. మీ పేజీల్లో అంతా "లీటరు నీటికి 2 మి.లీ." అని ఉంది. రైతు అడిగేది ట్యాంకుకి ఎంత అని. 16 లీటర్ల ట్యాంకైతే 32 మిల్లీలీటర్లు అని ఆ లెక్క కూడా మీరే వేసి రాసేయండి. మి.లీ. అని కుదించకుండా మిల్లీలీటర్లు అని పూర్తిగా రాయండి, ఎందుకంటే ఫోను దాన్ని పైకి చదవాల్సి రావచ్చు. గూగుల్ 2014 నుంచి కొన్ని ప్రశ్నలకి ఏదో ఒక పేజీలోంచి రెండు మూడు వాక్యాలు తీసి అన్నిటికంటే పైన డబ్బాలో చూపిస్తోంది కదా, నోటితో అడిగితే చాలాసార్లు ఆ డబ్బాలో ఉన్నదే చదివి వినిపిస్తుంది. అందుకే రాసిన ప్రతి జవాబుని మీ ఇంట్లో ఎవరికైనా గట్టిగా చదివి వినిపించండి. "పై పట్టికలో చూపిన విధంగా" అని ఉంటే వినేవాడికి పట్టిక ఎక్కడుంది చెప్పండి?

మీ విషయంలో దీనికి ఒక బాధ్యత కూడా ఉందండి. ఆ రెండు వాక్యాలే విని లేచి వెళ్లి మందు కలిపేస్తారు మనుషులు. కాబట్టి మోతాదు ఒక చోట, జాగ్రత్త ఇంకో చోట పెట్టకండి. కోతకి ఎన్ని రోజుల ముందు ఆపాలి, మొహానికి గుడ్డ కట్టుకోవాలి అనేవి మోతాదు ఉన్న వాక్యం పక్కనే ఉండాలి, విడిపోవడానికి వీల్లేకుండా.

అరవై వ్యాసాలూ ఒకేసారి మార్చాలని పెట్టుకోకండి. ఈ సీజన్‌లో కొట్టుకొచ్చినవాళ్లు ఎక్కువగా అడిగిన పది తీసుకోండి. మీ దగ్గర ఎవరికీ లేనిది ఒకటుంది, రోజూ మీ అరుగు మీదకొచ్చి ఆకు చూపించి మాట్లాడే మనుషులు. ముక్కూ మొహం తెలియని వీడియోవాళ్లకి అది లేదు. మైకు ఐకాన్ యూట్యూబ్‌లో కూడా ఉంది కాబట్టి అవే పది ప్రశ్నలకి మీరే తోటలో నిలబడి ఆకు చేత్తో పట్టుకుని రెండేసి నిమిషాల వీడియోలు తీయండి, టైటిలు మాత్రం రైతు అడిగిన వాక్యమే పెట్టండి.

విజయవాడ నుంచి, ఒక గుడి కమిటీ సభ్యుడు: మా గుడి చరిత్ర, పూజల వేళలు, అన్నదానం వివరాలు అన్నీ సైటులో తెలుగులో పెట్టామమ్మా. నోటితో అడిగినా రాదు, చివరికి సైటులో ఉన్న వాక్యం అక్షరం పొల్లుపోకుండా కొట్టినా రాదు.

మీ సైటు తెరవగానే సంగతి తెలిసిపోయిందండి. ఆ తెలుగు అంతా డీటీపీలో కరపత్రం కోసం అను ఫాంట్లలో కొట్టించి, దాన్నే బొమ్మగా మార్చి సైటులో అతికించారు, అది మనుషులకి తెలుగు, గూగుల్‌కి ఒక ఫోటో. పూజల వేళల పేజీలో అయితే అను అక్షరాలు నేరుగా పెట్టారు, ఆ ఫాంటు లేని ఫోన్లో అవి పిచ్చి గుర్తుల్లా కనపడుతున్నాయి, ఎందుకంటే ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలు లోపల యూనికోడ్ తెలుగుగా, అంటే ఏ ఫోనైనా గుర్తుపట్టే తెలుగుగా, ఉండవు. ఒకప్పుడు మన పెద్ద పత్రికల సైట్లకే ఈ సమస్య ఉండేది, పద్మ అనే చిన్న టూలు పెట్టుకుని ఫైర్‌ఫాక్స్‌లో యూనికోడ్‌లోకి మార్చుకుని చదివేవాళ్లం. ఇప్పుడు అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒత్తులు, దీర్ఘాలు ఒకసారి సరిచూసుకోండి. వేళలు ఎప్పుడూ అక్షరాల్లోనే ఉండాలి, బొమ్మలో కాదు, కార్తీకమాసంలో వేళలు మారితే ఆ రోజే మార్చాలి.

డాలస్ నుంచి ఒక పాఠకురాలు: మా అమ్మ కరీంనగర్ నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉంటుంది. తన ఫోన్లో మైకు నొక్కి చక్కగా తెలుగులోనే అడుగుతుంది, అది మాత్రం ఏవేవో ఇంగ్లీషు ముక్కలు రాసి ఏదేదో చూపిస్తుంది. అమ్మ యాస వల్లా?

అమ్మ యాస వల్ల కాదమ్మా, ఆ ఫోను ఇంగ్లీషు వినడానికి సిద్ధమై కూర్చుంది, అందుకే తెలుగుని కూడా ఇంగ్లీషు అనుకుని రాస్తోంది. గూగుల్‌కి తెలుగు మాటని రాయడం 2017 ఆగస్టు నుంచే వచ్చు. గూగుల్ యాప్ సెట్టింగ్స్‌లో వాయిస్ అని ఉంటుంది, అందులో భాషల దగ్గర తెలుగు చేర్చండి. కీబోర్డులో ఉండే మైకు వేరు, దానికి కీబోర్డు సెట్టింగ్స్‌లో మళ్లీ తెలుగు పెట్టాలి, చాలామంది ఒకటి మార్చి రెండోది వదిలేస్తారు. అసిస్టెంటుతో మాట్లాడినట్టు మాట్లాడుకోవాలంటే గూగుల్ వాళ్ల ఏఐ జెమినీ లైవ్ 2024 అక్టోబర్ నుంచి తెలుగులో కూడా ఉంది. అమ్మకి ఒకటే చెప్పండి, ఆగి ఆగి ఒక్కో ముక్క అనక్కర్లేదు, ఇంట్లో మీతో మాట్లాడినట్టు వాక్యం మొత్తం ఒక్క ఊపులో అంటేనే దానికి బాగా పడుతుంది.

మీ ఊళ్లో తెలుగువాళ్ల కిరాణా నడిపేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకీ ఒక మాట. ఆరు నెలల కోసం వచ్చిన అమ్మలూ నాన్నలూ గోంగూర ఎక్కడ దొరుకుతుంది అనే అడుగుతారు, రెడ్ సోరెల్ అని అడగరు. మీ సరుకుల లిస్టులో ఆ పేరు తెలుగక్షరాల్లో కూడా ఒకసారి ఉంచండి.

హైదరాబాద్ నుంచి, వెబ్ డెవలపర్: అక్కా, వాయిస్ సెర్చ్ కోసం ఎఫ్ఏక్యూ స్కీమా, స్పీకబుల్ స్కీమా పెట్టమని క్లయింట్లు అడుగుతున్నారు. పెట్టడం వల్ల నిజంగా ఉపయోగం ఉందా? ఎలాగూ ఏఐ జవాబు పైనే వచ్చేస్తోంది, ఇక సైటుకి ఎవరొస్తారు?

తమ్ముడూ, తెలియనివాళ్ల కోసం ముందు ఒక మాట, స్కీమా అంటే పేజీలో ఏది ఏంటో గూగుల్‌కి చెప్పడానికి వెనక కోడ్‌లో రాసే గుర్తులు. ఏ ముక్క పైకి చదవొచ్చో చెప్పే స్పీకబుల్ అనేది 2018లో బీటాగా, అంటే ప్రయోగంగా వచ్చింది, అమెరికాలో ఇంగ్లీషు వార్తా సైట్ల కోసం. తెలుగు క్లయింటుకి దాని కోసం బిల్లు వెయ్యకు. ఎఫ్ఏక్యూ, అంటే తరచూ అడిగే ప్రశ్నల స్కీమా వల్ల రిజల్టు కింద ప్రశ్నలు విప్పారి కనపడేవి కదా, 2023 ఆగస్టులో గూగుల్ దాన్ని పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేసింది. ఇంకా పాత ఆర్టికల్స్ చదివి అది పెడితే వాయిస్‌లో వస్తామని అనుకుంటున్నారు. స్కీమా కన్నా ఆ ప్రశ్నా జవాబూ పేజీలో మనిషికి కనపడేలా ఉండటం ముఖ్యం. షాపులైతే పేరు, అడ్రసు, ఫోను, టైములు చెప్పే లోకల్ బిజినెస్ స్కీమా పెట్టు, అది పనికొస్తుంది. పేజీ ఏ భాషలో ఉందో కోడ్‌లో చెప్పే లాంగ్ ఆట్రిబ్యూట్‌లో తెలుగు పెట్టడం కూడా మర్చిపోకు, గూగుల్ దాన్ని బట్టి భాష తేల్చదు, పేజీలో ఉన్న మాటల్ని బట్టే తేలుస్తుంది, కానీ కళ్లు కనపడనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని చూసే తెలుగు గొంతులోకి మారుతుంది.

ఏఐ గురించి నీ భయం నిజమైందే, దాన్ని తేలిగ్గా కొట్టేయను. మన దేశంలో ఏఐ ఓవర్‌వ్యూలు, అంటే గూగుల్ ఫలితాల పైన వచ్చే ఏఐ జవాబులు, 2024 ఆగస్టులో ఇంగ్లీషు, హిందీల్లో మొదలయ్యాయి, 2025లో ఏఐ మోడ్, అంటే సెర్చ్‌లోనే ఏఐతో మాటామాటాగా అడిగే పద్ధతి, తెలుగులోకి కూడా వచ్చింది. ఒక్క ముక్కలో తేలిపోయే జవాబులు, ఫలానా పండగ ఎప్పుడు, ఫలానా ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారు లాంటివి, వాటి మీదే బతికే సైట్లకి జనం తగ్గుతారు, అందులో దాపరికం ఏముంది. నీ క్లయింట్లు వాటి మీద బతుకుతున్నారా అనేది చూడు. బోరు మోటార్లు రిపేరు చేసే మనిషికి కావాల్సింది పేజీ చదివేవాళ్లు కాదు, ఫోన్ చేసేవాళ్లు. ఏఐ ఆ మనిషి పేరు చెప్పాలన్నా ఎక్కడో ఒకచోట ఆయన ఏ ఊళ్లకి వస్తాడు, రాత్రిపూట వస్తాడా, ఏ మోటారుకి ఎంత తీసుకుంటాడు అని రాసి ఉండాలి, అది ఆయన సైటులో కాకపోతే ఇంకెక్కడ ఉంటుంది? అవి రాయి. చేసిన పనుల ఫోటోలు పెట్టు, ఇంటర్నెట్ నుంచి దింపినవి కాదు, ఆయన బురద చేతులతో మోటారు పైకి లాగుతున్నవి. పేజీ తేలిగ్గా ఉంచు, మైకులో అడిగే మనిషి చాలాసార్లు ఎండలో, సిగ్నల్ ఒక గీత ఉన్నచోట నిలబడి ఉంటాడు. అన్నిటికంటే ముందు ఆ సైటులో ఫోన్ నంబరు అక్షరాల్లో ఉందో బ్యానర్ బొమ్మలో ఉందో ఇవాళే చూడు, బొమ్మలో ఉంటే ఎన్నిసార్లు నొక్కినా కాల్ వెళ్లదు.